ఆసియా అంటే ఎక్కడ్రా?

మా రోజుల్లో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడాలంటే ముందు సర్వర్ల జాబితా చదవాలి. పేపర్లో టెన్త్ రిజల్ట్స్ వెతికినంత శ్రద్ధగా చదివేవాళ్ళం. సర్వర్ పేరు, మ్యాపు, ఎంతమంది ఆడుతున్నారు, పక్కన పింగ్, అంటే మన కబురు సర్వర్ దాకా పోయిరావడానికి పట్టే మిల్లీసెకన్లు. దిల్‌సుఖ్‌నగర్ నెట్ సెంటర్లో గంటకింత అని కడుతున్నా సరే, ఆ పింగ్ చూడకుండా ఎవడూ లోపలికి దూకేవాడు కాదు.

ప్రాంతాల విభజన అప్పుడూ ఉండేది. సర్వర్ నడిపేవాడు ‘ఎస్‌వి రీజియన్’ అనే చోట ఒక అంకె వేసేవాడు. అమెరికా తూర్పుకి 0, పడమరకి 1, యూరప్‌కి 3, ఆసియాకి 4. ఒక్క అమెరికాకేమో రెండు అంకెలట, జపాన్ నుంచి మన దాకా అందరికీ కలిపి ఒకటేనట! పైగా ఆ అంకె సొంతంగా చెప్పుకునేదే, అడిగేవాడు లేడు. బద్ధకస్తుడు 255 వేసేసేవాడు. అంటే ప్రపంచమంతా వాడిదే.

అందుకే మేం పేరును కాదు, పింగ్‌ను నమ్మాం. గాజుతీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రంలో కేబుల్ 3 వేల కిలోమీటర్ల పైమాటే, కాబట్టి పోయిరావడానికే 30 మిల్లీసెకన్లు. అంతకు తగ్గించడం ఎవడి తరమూ కాదు. ఇంకో తమాషా, దగ్గరున్న సర్వర్ దగ్గరగా తగలాలనీ లేదు. మనూళ్ళోనే రెండు కంపెనీల నెట్ కలవాలంటే విదేశం చుట్టిరావాల్సిన రోజులవి. దేశం లోపలి ట్రాఫిక్ దేశంలోనే తిరగాలని 2003లో నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా) పెట్టింది అందుకే.

ఇప్పుడు? మా మేనల్లుడు ‘సర్వర్ బాలేదు మామయ్యా’ అంటాడు. ఏ సర్వర్ రా అంటే ‘ఆసియా’. ఆసియా అంటే ఎక్కడ్రా, టోక్యోనా, దుబాయా? తెలీదు. బటన్ నొక్కుతాడు, ఆటే ఎక్కడికో తోసేస్తుంది. వాడాడే ఇంకో ఆటైతే ఎకౌంటు తెరిచిన దేశాన్ని బట్టి ప్రాంతం అంటగట్టేసింది, డల్లాస్‌లో ఉన్న అన్నతో కలిసి ఆడనివ్వదు. మేం అమెరికా సర్వర్లోకి వెళ్ళేవాళ్ళం. పింగ్ మూడొందలు దాటుతుందని తెలిసే వెళ్ళేవాళ్ళం, చచ్చేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం. కొన్నిచోట్ల పింగ్ ఎక్కువైతే సర్వరే మెడపట్టి గెంటేది. అదీ న్యాయమే, కారణం చెప్పి మరీ గెంటేది కదా.

ముంబైలో, చెన్నైలో సర్వర్లున్న ఈ కాలం మాకు దొరకలేదు, ఒప్పుకుంటా. ఆ కుళ్ళు నాకుంది. కానీ ఇంట్లోకి ఫైబర్ వచ్చాక కూడా మా మేనల్లుడికి తను ఏ ఊరి సర్వర్లో ఆడుతున్నాడో తెలియకపోవడమేమిటి?

కౌంటర్ స్ట్రైక్ 2 ఆడే పిల్లలకొక మాట. సెట్టింగుల్లో మ్యాచ్‌కి ఒప్పుకునే గరిష్ఠ పింగ్ ఎంతో పెట్టుకునే వీలుంది. ముందు అది తగ్గించి, ఆ తర్వాత ల్యాగ్ అని ఏడవండి.