పచ్చచుక్క మాహాత్మ్యము

చార్మినారు పరిసరముల కారు నిలుపుటకు చోటు దొరకక తిరుగుచున్నవారి అవస్థను ఒక్క మొబైల్ యాప్‌తో తీర్చివేయవచ్చునని నమ్మువారికి ఈ నగరమున కొదవలేదు. వారిలో పెక్కుమంది మూసీకి ఆవల, మాదాపూరు అద్దాలమేడలలో కూర్చుండి ఆలోచించువారు. నేలమాళిగలో తమ చోటు ప్రతిదినము ఖాళీగా తమకొఱకే కాచుకొని యుండుటచేత, చోటనునది ఖాళీగానైన నుండును, నిండియైన నుండును, మూడవ దశ దానికి లేదని వారి దృఢవిశ్వాసము. కనుకనే వారి తెరపై రెండే చుక్కలు: ఖాళీకి పచ్చది, నిండినదానికి ఎఱ్ఱది. ఈ ద్వైతసిద్ధాంతము బంజారాహిల్సు మాలులలో చెల్లునేమో గాని, నయాపూలు దాటి పత్తర్‌గట్టీలో అడుగిడిన మరుక్షణమే దానికి ఊపిరాడదు.

ఆ రాతికమానుల క్రింద ఏదేని ఒక దుకాణపు ముంగిలిని ప్రొద్దుటినుండి రాత్రివరకు పరికించిన చాలును. షట్టరు దించియున్నంతసేపు ఆ ముంగిలి ఎవరిదియు కాదు, కావున అందరిది. పదకొండు దాటి షట్టరు పైకి లేచినంతనే అచ్చట చేయి విరిగిన నీలిరంగు ప్లాస్టిక్ కుర్చీ యొకటి అవతరించును. గాలికి దొర్లిపోకుండ దానిపై ఒక ఇటుక. ఆ కుర్చీ ఎవరును కూర్చుండుటకు వేసినది కాదు, అది శాసనము. సెన్సరు కంటికి అక్కడ వాహనము లేదు గనుక అది పచ్చచుక్కయే. ఆ గల్లీలో పెరిగిన ఏ పిల్లవాని నడిగినను అది నిండిన చోటే. సేఠుగారి బావమరిది వచ్చునప్పటికి ఆ కుర్చీ తనంతట తానే ప్రక్కకు జరుగును. చీకటి పడిన పిమ్మట అదే చోట తోపుడుబండి నిలుచును. శుక్రవారము నమాజు వేళ దాని సంగతి వేఱు, రంజాను నెలలో మఱియు వేఱు. ఇన్ని దశలకు చాలినన్ని రంగులు లాడ్‌బజారు గాజుల దుకాణములలో కలవు గాని, ఫోను తెరపై లేవు.

ఇక లెక్క సంగతి. యాప్ దృష్టిలో స్థలసామర్థ్యమనగా ఒక అంకె: ఇన్ని గజములకు ఇన్ని బండ్లు. మెడలో ఈల, జేబులో చీట్లకట్ట గల కుఱ్ఱవాని దృష్టిలో అది అంకె కాదు, యోగవిద్య. మనము స్కూటరు దిగకమునుపే అతడు పలుకు మంత్రము, "లాక్ నక్కో అన్నా, న్యూట్రల్‌ల పెట్టు" అని. ఆ ఒక్క మాటలోనే అతని శాస్త్రమంతయు నిమిడియున్నది. హ్యాండిలుకు తాళము లేని బండిని అతడు తుంటితో నెట్టి, అద్దములు లోనికి మడిచి, ఒకదాని హ్యాండిలు క్రింద వేఱొకదాని హ్యాండిలు దూర్చి, ఇంజనీరు పది లెక్కించిన చోట పదునెనిమిదింటిని కూర్చును. వెనుకటి వరుసలోని బండి కావలసినప్పుడు ముందున్న నాలుగింటిని కదల్చి దానిని తీసి ఇచ్చును. ఏ బండి ఏ ముఖముదో అతనికి నంబరు చూడకయే తెలియును. ఈ సర్వరు డౌనగుట అరుదు, చాయ్ త్రాగుటకు పోయినప్పుడు తప్ప.

పాశ్చాత్యులు ఈ విషయమై పడిన శ్రమ తక్కువది కాదు. 1935లో ఒక్లహోమా నగరమున మొదటి పార్కింగు మీటరును పాతిరి. 2011లో శాన్‌ఫ్రాన్సిస్కోవారు ఎస్‌ఎఫ్‌పార్క్ అను పేర వీథులలో సెన్సర్లు పొదిగి, ఖాళీల వివరము ఫోనులకందించి, గిరాకీని బట్టి రుసుమును హెచ్చించుచు, తగ్గించుచు, ప్రతి వీథిభాగమును నూటికి 60 నుండి 80 పాళ్ళు మాత్రమే నిండునట్లు చూడబూనిరి. పత్తర్‌గట్టీ నూటికి 20 పాళ్ళు ఖాళీగా కనబడినచో మనవాడు "ఇయ్యాల బందా?" అని అడిగి వచ్చిన దారినే ఇంటికి పోవును. పోనిండు, ఆ సెన్సర్లనైనను 2013 చివర ఆపివేసి, మీటర్లలో పడిన సొమ్ము లెక్కలనుబట్టియే గిరాకీని కనుగొను పద్ధతికి దిగిరి. మన కుఱ్ఱవాడు ఆ పద్ధతిని ఏ సెన్సరు గొడవయు లేకయే మొదటినుండి పాటించుచున్నాడు. పండుగ ముందు రాత్రి అతని రుసుము మూడింతలైనచో దానిని మనము దోపిడి యందుము, వారు డైనమిక్ ప్రైసింగ్ అందురు.

ఇంతకును ఆ తెరను చూచువాడెవడు? ఒకచేత స్టీరింగు, ఎదుట రిక్షా, వెనుక హారను, ప్రక్కన "ముందే చెప్పినాను, ఆటోలో పోదమంటిని" అని శాంతముగా పలుకు భార్య: ఈ నాలుగింటి నడుమ ఐదవదిగా పచ్చచుక్కను వెదకవలెను. నడుపుచు ఫోను చూచుట నేరము గనుక, తెర చూడవలెనన్న కారు నిలుపవలెను; కారు నిలుపుటకు చోటే యున్నయెడల తెరతో పనియేమి?

పాతబస్తీలో ఏ చింతయు లేక నిలిచియున్న కారు నేనెఱిగినంతలో ఒక్కటే. ఖిల్వతులోని చౌమహల్లా ప్రాసాదమున పసుపుపచ్చని 1912 నాటి రోల్స్‌రాయిస్ యొకటి కలదు. అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొఱకు చేయించినది. ఆయన 1911లోనే గతించుటచేత దాని నెక్కు భాగ్యము ఆయనకు లేకపోయెను. వాహనము మాత్రము చోటు సంపాదించుకొని నేటికిని కదలకున్నది. దానిని చూడ వచ్చువారు తమ కార్ల నెక్కడ నిలుపుదురని అడుగుట మర్యాద కాదు.

నిజము చెప్పవలెనన్న, లోపములేని ఇంటర్‌ఫేసు మన నగరమున ఏనాడో వెలసినది. దానిని డౌన్‌లోడ్ చేయనక్కఱలేదు, వెదకనక్కఱలేదు, అదియే మనలను వెదకుకొని వచ్చును. అందులో బండి నంబరు, నిలిపిన స్థలము, తేదీ, వేళ, ఋజువుగా ఛాయాచిత్రము సహితముండును. ఆ చలానులో లేనిదెల్ల, బండిని మఱి ఎక్కడ నిలిపియుండవలసినదో ఆ ఒక్క ముక్కయే. బకాయిలు పేరుకొనగా ప్రభుత్వమువారు ద్విచక్రవాహనములవారికి 2022 మార్చిలో నూటికి 75, 2023 డిసెంబరులో నూటికి 80 చొప్పున తగ్గించిరి. అప్పటినుండి తెలిసినవారు చలాను అందిన వెంటనే చెల్లించుట మాని, తరువాతి తగ్గింపు కొఱకు నిబ్బరముగా వేచియున్నారు. గిరాకీని బట్టి ధర మార్చు విద్య సర్కారువారికిని అబ్బినదన్నమాట. కాకున్న, ఈల కుఱ్ఱవాడు బేరమును బండి నిలుపక ముందే తేల్చివేయును.