తొమ్మిది ప్రిమ్‌ల బెంచీ

నేనొక బెంచీని. చూసినవాళ్ళు టేకు బెంచీ అనుకుంటారు గానీ నా ఒంట్లో పిసరంత చెక్క లేదు. 2007లో సెకండ్ లైఫ్ అనే లోకంలో, ఒక శాండ్‌బాక్స్‌లో పుట్టాను. ఎవరైనా వచ్చి వస్తువులు కట్టి చూసుకోవడానికి వదిలిన ఖాళీ నేలని అక్కడ అలా అంటారు. నన్ను చేసినాయన గాల్లోంచి ఒక డబ్బా ఆకారాన్ని తీశాడు. దాన్ని సాగదీసి పలక చేసి, పైన టేకు చెక్క ఫొటో తొడిగాడు. ఇలాంటి మూలాకారాలనే ప్రిమ్‌లంటారు. కూర్చునేచోట మూడు, వీపుకి రెండు, కాళ్ళకి నాలుగు, వెరసి తొమ్మిది ప్రిమ్‌లు నేను. చివరికి నాలో ఓ స్క్రిప్టు పెట్టాడు. నా మీద నొక్కినవాళ్ళ అవతార్, అంటే ఆ లోకంలో వాళ్ళ బొమ్మ, కాలు మీద కాలేసుకుని కూర్చునేది ఆ స్క్రిప్టు చలవే.

ఆ లోకాన్ని శాన్ ఫ్రాన్సిస్కోలోని లిండెన్ ల్యాబ్ 2003లో జనానికి తెరిచింది. చూడటానికి ఆటలా ఉంటుంది గానీ గెలవడం, ఓడటం ఉండవు. అక్కడికి వచ్చేవాళ్ళని రెసిడెంట్లంటారు. ఇళ్ళు, చెట్లు, చెప్పులు, జుట్టు దాదాపు అన్నీ వాళ్ళే చేసుకుంటారు, లిండెన్ డాలర్లకి అమ్ముకుంటారు. ఏ వస్తువుని ఎవరు చేశారో దాని మీదే రాసి ఉంటుంది, చేతులెన్ని మారినా ఆ పేరు చెరగదు. కొన్నవాళ్ళు దాన్ని ఏం చెయ్యొచ్చో కూడా చేసినవాళ్ళే తేలుస్తారు. నన్ను చేసినాయన మార్పులకి ఒప్పుకున్నాడు, నకలుకి ఒప్పుకోలేదు. అందుకని నన్ను కొన్న అమ్మగారి దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే.

మా అమ్మగారిది సముద్రం ఒడ్డున 512 చదరపు మీటర్ల స్థలం. ఆ రోజుల్లో అంత స్థలానికి 117 ప్రిమ్‌లే ఇచ్చేవారు. ఇల్లు, కంచె, కొబ్బరిచెట్టు, దీపం అన్నీ అందులోనే సర్దుకోవాలి. అంత ఇరుకులోనూ తొమ్మిది నాకే కేటాయించారంటే ఆవిడకి మనుషులు ఎంత కావాలో చూడండి. కొద్ది రోజుల్లోనే నేను ఆ వీధికి రచ్చబండనయ్యాను.

అక్కడ రోజంటే నాలుగు గంటలే. మూడు గంటలు పగలు, గంట రాత్రి. అందుకని అమెరికాలో పని ముగించుకున్నవాళ్ళూ, ఐరోపాలో నిద్రపట్టనివాళ్ళూ ఒకే సూర్యాస్తమయాన్ని పక్కపక్కనే కూర్చుని చూసేవాళ్ళు. మామూలుగా టైప్ చేసిన మాట 20 మీటర్ల దూరం వినిపిస్తుంది, అరిస్తే వంద. అందుకే నా దగ్గర నలుగురు చేరితే అటుగా పోయేవాళ్ళు కూడా ఆగి, అయిదోవారయ్యేవారు. కొన్న బట్టలు పెట్టెలో వస్తాయి. ఆ పెట్టెని నేల మీద పెట్టి విప్పుకోవాలని తెలీక, కొత్తవాళ్ళు పెట్టెనే తొడుక్కుని కుడిచేతికి వేలాడేసుకొచ్చేవాళ్ళు. నవ్వు ఆపుకుంటూ దాన్నెలా తీయాలో చెప్పడం మా అమ్మగారికి నిత్యకృత్యం.

అదే కాలంలో బయట మా లోకం గురించి గోల గోలగా ఉండేది. 2006లో మా దగ్గర స్థలాల వ్యాపారం చేసే ఆన్షీ చుంగ్ అనే అవతార్ బొమ్మ బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రమైంది. రాయిటర్స్ వార్తాసంస్థ మా లోకంలో ఒక విలేకరిని పెట్టింది. 2007లో స్వీడన్ ఏకంగా దౌత్యకార్యాలయమే తెరిచింది. పెద్ద కంపెనీలు దీవులు కొని మేడలు కట్టాయి. వాటిలో చాలావాటికి గాజు గోడలు, జెండాలు, లిఫ్టులు అన్నీ ఉండేవి, కబుర్లకి కూర్చునే మనిషే ఉండేవాడు కాదు. కొన్నాళ్ళకి కంపెనీలు సర్దుకుని వెళ్ళిపోయాయి. మా వీధిలో వాళ్ళు మాత్రం ఎప్పటిలాగే సాయంత్రం వచ్చి కూర్చునేవాళ్ళు.

తర్వాత అమ్మగారి రాక పల్చబడింది. ఎందుకో నాకు తెలీదు, బయటి బతుకు నాకు కనిపించదు. స్థలానికి నెలనెలా కట్టాల్సింది కట్టడం మానేశారు. స్థలం పోయింది. దాని మీదున్న నేను ఆవిడ సామాన్లలో 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే ఫోల్డర్‌లోకి చేరాను. అక్కడ నాకు రూపం ఉండదు, జాబితాలో ఒక పేరుగా మిగులుతాను. చెదలు పట్టలేదు, రంగు వెలవలేదు. నా కొలతలు ఒక్క మిల్లీమీటరు తేడా లేకుండా సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి. ఎంత భద్రంగా ఉన్నా ఒక్కరు కూర్చోవడానికి పనికొచ్చానా?

నేనలా పడి ఉండగానే లోకం మారిపోయింది. మొదట్లో చేరేవాళ్ళు కంపెనీ ఇచ్చిన జాబితాలోంచి ఇంటిపేరు ఎంచుకునేవారు. 2010లో ఆ పద్ధతి తీసేస్తే, కొత్తగా చేరినవాళ్ళందరి ఇంటిపేరూ రెసిడెంటే అయింది. 2011లో మెష్ వచ్చింది. బయట త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చెక్కిన నున్నటి వస్తువుల ముందు మా ప్రిమ్‌లు మోటుగా తేలాయి. 2020లో మొత్తం లోకాన్నే అమెజాన్ క్లౌడ్ సర్వర్లలోకి తరలించారు. నా ఇల్లు మారిన సంగతి నాకే తెలీదు.

ఒకరోజు అమ్మగారు తిరిగొచ్చారు. వెళ్ళినవాళ్ళు తిరిగిరావడం ఇక్కడ వింత కాదు. ఈ లోకాన్ని మొదలుపెట్టిన ఫిలిప్ రోజ్‌డేలే దూరంగా వెళ్ళి, 2022లో సలహాదారుగా మళ్ళీ వచ్చాడు. రూపం పూర్తిగా లోడయ్యేదాకా మా అమ్మగారు మబ్బుతునకలా నిలబడ్డారు. పాత గుర్తు నొక్కి సముద్రం ఒడ్డుకి వెళ్తే, అక్కడ ఎవరిదో మెష్ మేడ. స్నేహితుల జాబితాలో ఆ వేళ ఆన్‌లైన్‌లో ఒక్కరూ లేరు. అప్పుడు సామాన్లు వెతికి, నన్ను లాగి, ఒక శాండ్‌బాక్స్‌లో నేల మీద పెట్టారు. దీన్నే మావాళ్ళు రెజ్ చేయడం అంటారు.

అమ్మగారు కూర్చున్నారు. 2007 నాటి స్క్రిప్టు తడబడకుండా పనిచేసింది. కాసేపటికి రెసిడెంట్ ఇంటిపేరున్న ఒకమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. పాతకాలంలో అవతార్‌లు ఏడడుగుల పొడవుండేవి, నన్నూ ఆ లెక్కనే చేశారు. ఇప్పటివాళ్ళు మనుషుల ఎత్తులో ఉంటున్నారు. ఆ అమ్మాయి కాళ్ళు నేలకందక ఊగుతుంటే ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత అమ్మాయి ప్రొఫైల్‌లో అమ్మగారి ఇంటిపేరూ, చేరిన తేదీ చూసింది. "అప్పట్లో ఇక్కడ ఎలా ఉండేదండీ?" అని అడిగింది. అమ్మగారు చెబుతూనే నన్ను కుదించారు. మార్పులకి ఒప్పుకున్న నా తయారీదారు ఎక్కడున్నాడో గానీ, ఆయన ఇచ్చిన అనుమతి ఆ రోజు అక్కరకొచ్చింది.

శాండ్‌బాక్స్‌లో పెట్టిన వస్తువు గడువు దాటితే దానంతటదే యజమాని సామాన్లలోకి వెళ్ళిపోతుంది. అమ్మాయి తన గ్రూపు స్థలానికి రమ్మంది. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కోసం ఏటా మా లోకంలో జరిగే రిలే ఫర్ లైఫ్‌కి చందాలు పోగుచేసే గ్రూపది. అక్కడా బయటివాళ్ళ వస్తువులు నిలవవు. అమ్మగారు గ్రూపులో చేరారు. నా వివరాల్లో గ్రూపు అన్నచోట వాళ్ళ పేరు పెట్టారు. ఇక నన్నెవరూ వెనక్కి పంపలేదు. డబ్బు కట్టి నిలుపుకున్న స్థలంలో కంటే, ఆ ఒక్క పేరుతోనే నా కాళ్ళు గట్టిగా ఆనాయి.

అమ్మగారు సొంత స్థలం మళ్ళీ కొనాలనుకుంటున్నారు. ఇప్పుడు 512 చదరపు మీటర్లకి 175 ప్రిమ్‌లు ఇస్తున్నారట. నన్ను తీసుకెళ్తానంటే గ్రూపువాళ్ళు ససేమిరా ఒప్పుకోవడం లేదు. నకలు తీసి ఇద్దామంటే కుదరదాయె. స్థలం కొనుక్కోండి, బెంచీ మాత్రం ఇక్కడే ఉండాలి, మీరూ రోజూ రావాలి అంటున్నారు. బేరం ఇంకా తెగలేదు. నన్నడిగితే, తెగకపోవడమే మంచిది. ఆ వంకతో రోజూ నలుగురు నా మీద కూర్చుని వాదించుకుంటున్నారు.