రికెట్స్ గ్లెన్‌లో టెంటు వేస్తున్నారా? ఈ చిట్కాలు మీకే!

పెన్సిల్వేనియాలోని రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్కులో పేరు పెట్టిన జలపాతాలే 22 ఉన్నాయి. న్యూజెర్సీలోని మనవాళ్లకు పొద్దున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికల్లా చేరేంత దూరం. అందుకే లాంగ్ వీకెండ్ వస్తోందంటే వాట్సాప్ గ్రూపుల్లో ‘చలో క్యాంపింగ్’ మొదలవుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లు అడవిలో అంతా కొత్తగా ఉంటుందేమోనని బెంగపడతారు. కింది సూచనలు తు.చ. తప్పకుండా పాటించండి, కొత్తదనం మీ దరిదాపులకు కూడా రాదు.

బుకింగ్: ఇక్కడ సైట్లు 11 నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు. అంత తొందర మనకెందుకు? శుక్రవారం మధ్యాహ్నం, డిక్కీ సర్దేశాక, ఫోన్ తీసి చూడండి. ఖాళీల్లేవంటే గ్రూపులో సైటు దొరికిన ఒక్కరిని పట్టుకుని నాలుగు కుటుంబాలూ అందులోనే దిగిపోండి. సైటుకు ఇందరేనని నిబంధన ఉన్న మాట నిజమే. రేంజర్ వస్తే ‘మేమంతా ఒకటే ఫ్యామిలీ’ అని చెప్పండి. పిల్లలు అందరినీ అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు కాబట్టి సాక్ష్యం కూడా గట్టిగానే ఉంటుంది.

కట్టెలు: పార్కు దగ్గర డబ్బులు పోసి కొనడం దండగ. ఇంటి వెనక కొట్టేసిన యాష్ చెట్టు దుంగలు కారులో వేసుకెళ్లండి. దూరం నుంచి కట్టెలు తేవద్దని అధికారులు మొత్తుకుంటూనే ఉంటారు. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు రాష్ట్రాలు దాటి కోట్లాది యాష్ చెట్లను చంపింది. దాని పిల్లపురుగులు బెరడు కిందే దాక్కుని, కట్టెలతో పాటు ఊళ్లు తిరుగుతాయి. పోనీలెండి, వాటికి మాత్రం వీకెండ్ వద్దా?

వంట: కుక్కరు మరిచిపోవద్దు. తాలింపు ఘాటు పక్క సైటుకు చేరిందంటేనే మనం వచ్చినట్టు లెక్క. రాత్రి మిగిలిన బిర్యానీ గిన్నెను మూత పెట్టి బల్లమీదే వదిలేయండి. ఈ అడవిలో నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి కాబట్టి తిండితో పాటు సబ్బు, టూత్‌పేస్టు కూడా కారులో పెట్టి తాళం వేసుకోవాలట! తెల్లారేసరికి గిన్నె ఖాళీ అయి, మూత చెట్ల మధ్య దొరికితే ఉప్పూ కారం సరిపోయినట్టే. రుచి మరిగిన ఎలుగు రేపు ఇంకొకరి టెంటు చింపితే అది వాళ్ల తలనొప్పి.

నడక: జలపాతాల బాట మొత్తం చుట్టి వస్తే 7.2 మైళ్లు. రాతిమెట్లు నిటారుగా ఉంటాయి, తుంపర్లకు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. హవాయి చెప్పులు బ్రహ్మాండంగా పనికొస్తాయి, జారితే దూరం కలిసొస్తుంది. హైలాండ్ ట్రయిల్ మీదుగా తిరిగొస్తే 3.2 మైళ్లలోనే చాలా జలపాతాలు చూడొచ్చు. ఈ సంగతి ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారికి ముందే చెప్పకండి. ఆవిడ మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాక చెబితేనే దాని విలువ తెలుస్తుంది.

ఫొటో: 94 అడుగుల గనోగా జలపాతం అన్నింటిలోకీ ఎత్తయినది. బాట మీద నిలబడి తీసుకున్న ఫొటోకు లైకులు రావు. పాచి పట్టిన అంచు మీదికెళ్లి, వీపు నీళ్లవైపు పెట్టి నిలబడండి. ఫోన్ పట్టుకున్నవారు ‘ఇంకొక్క అడుగు వెనక్కి బావా’ అంటే కిందికి చూడకుండా వేసేయండి. చూస్తే ఫొటోలో కళ్లు సరిగ్గా పడవు.

పిడుదులు: లైమ్ జబ్బు తెచ్చే పిడుదులు గడ్డిలో ఉంటాయి. ప్యాంటు అంచులు సాక్సులో దోపుకోండి, వచ్చాక ఒళ్లంతా చూసుకోండి అంటారు. నిక్కర్లు వేసుకుని గడ్డిలో పడి దొర్లండి. చూసుకోవాల్సింది ఎటూ ఉంది కదా, శ్రమకు ఫలితమైనా దక్కుతుంది.

రాత్రి: 9 నుంచి పొద్దున 8 వరకు నిశ్శబ్దం పాటించాలి. కాబట్టి అంత్యాక్షరి 8:55కే మొదలుపెట్టండి. మొదలుపెట్టకూడదన్నారు గానీ, ముగించమని ఎవరన్నారు? నీళ్ల హోరు అడ్డొస్తే స్పీకరు సౌండు పెంచండి. పక్క టెంటులోంచి టార్చి లైటు పడిందంటే అది వన్స్ మోరే.

తిరుగు ప్రయాణం: పేపరు ప్లేట్లు, నీళ్ల సీసాలు మంటలో పడేసి, అది ఆరిందో లేదో చూడకుండా బయల్దేరండి. సోమవారం ఆఫీసులో జలపాతాలెలా ఉన్నాయని ఎవరైనా అడిగితే, ‘భోజనాలు అదిరాయి’ అనండి. అబద్ధం చెప్పిన పాపం కూడా ఉండదు.