క్రల్లరు వాక్యమునకు పెర్కిటు టీక

మూలము: క్రోల్ దొర క్రల్లరు చేసె.

ప్రతిపదార్థము: క్రోల్ దొర = 1595లో హార్లింగెన్ పట్టణమున జనించి, రోగులను ఓదార్చు చర్చి ఉద్యోగమున 1624లో అమెరికాయందలి డచ్చివారి వలసకేగి, నేఁటి ఆల్బనీకి పూర్వరూపమైన ఆరెంజి కోటకు అధికారియై, 1632లో వలసకంతటికిని పాలకుఁడై, మఱుసటి యేడే పదవి విడిచిన బాస్టియాన్ యాన్స్ క్రోల్; క్రల్లరు = గోదుమపిండి, గ్రుడ్లు, వెన్న, చక్కెర కలిపిన ముద్దను పట్టెలుగా కోసి, మెలిపెట్టి, క్రాఁగిన క్రొవ్వులో వేయించు భక్ష్యము; చేసె = ఇచ్చట కొంత నిలువవలెను.

తాత్పర్యము: దొర పేరునకును భక్ష్యము పేరునకును గల ధ్వనిసామ్యము తప్ప ఈ కథకు వేఱాధారము లేదు, మెలి యను అర్థముగల డచ్చిమాటయే ఆ పేరునకు మూలమని నిఘంటువులు చెప్పుచున్నవి. "చేసె" ననఁగా "చేయించె" నని ప్రేరణార్థము కల్పించి మూలమును రక్షింపఁజూచువారుందురు గాని, బీవరుతోళ్ల బేరములలో మునిఁగియున్న కోటయధికారి పొయ్యిచెంత నిలిచి పిండి మెలిపెట్టు విధము నాజ్ఞాపించెననుట మాకు రుచింపదు.

విశేషము: అదే శతాబ్దమున డచ్చివారు 1606లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పి, నేఁటి ఖమ్మము జిల్లాలోని నాగులవంచదాఁక వచ్చియు మన సకినమునకు ఏ దొర పేరును తగిలింపకపోవుట మన భాగ్యము. నిజామాబాదు జిల్లాలోని పెర్కిటున, సంక్రాంతికి ముందు, ఆర్మూరు చేలలో పసుపు త్రవ్వకములు ముగియకమునుపే, నానిన క్రొత్తబియ్యపు పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, ఇరుగుపొరుగు అత్తలును వదినెలును పఱచిన బట్ట చుట్టు కూర్చుండి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పిండిని పురిపెట్టుచు, వలయముపై వలయముగా చుట్టు సకినమునకు కర్త యెవ్వఁడని యడిగితిమేని, "మీ అత్తనడుగు" అని యొకరును, "ముందుగాల చెయ్యి కడుక్కోని కూసో" అని వేఱొకరును అందురు. (పసుపునకు పేరుమోసిన సీమలో సకినమున చిటికెడు పసుపైనను పడకపోవుట పండితులు వేఱుగా విచారింపవలసిన సమస్య.) ఇట్లు పదిచేతులు కూడి చేసినదానికి ఏకవచనక్రియ పొసఁగదు, ఆరెంజి కోట వంటయింటి స్త్రీల విషయమునను ఇంతియే యని మా యభిప్రాయము.

కావున పాఠకులు మూలమున కర్తృపదమును తొలఁగించి, క్రియను బహువచనముగా దిద్ది, "క్రల్లరు చేసిరి" అని చదువుకొనుఁడు. క్రోల్ దొరకు పాలకత్వ మొక్కటి చాలును.