వాటర్‌మార్క్ తీసేసి పంపండి, ఆయ్!

మా గోదావరి జిల్లాల్లో దొంగతనానికి కూడా మర్యాద ఉంటుంది. ధవళేశ్వరం ఆనకట్ట మీద దిగే పొద్దుని సరదాకి ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టి చూడండి. గంటలో మెసేజ్ వస్తుంది: "అదిరిపోయిందండి. మూలన మీ పేరేదో అడ్డం పడింది. అది తీసేసి ఓసారి పంపుతారా? ఆయ్." ఎందుకని అడిగితే నొచ్చుకుంటారు. మర్నాడు అదే పొద్దు సెంటర్లో ఫ్లెక్సీ మీద, నాయకుడిగారి పుట్టినరోజు మీసాల వెనక దిగుతూ కనిపిస్తుంది.

ఆ ఫ్లెక్సీ ఖర్చు చూడండి. ప్రింటుకి చదరపు అడుగుకింత. సరుగుడు కర్రలకింత. కట్టినవాళ్లకి కూలీ, పైన బిర్యానీ. ఫోటోకి మాత్రం "మనోడేగా!" ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డబ్బులివ్వకుండా ఆ డబ్బా ఎవడూ లేపడు. అదే పూతరేకుని ఫోటో తీశారా, ఊరుమ్మడి ఆస్తి. ఏ మిఠాయి కొట్టు బోర్డెక్కినా అడిగే దిక్కులేదు.

చట్టం పాపం తీసినవాడి వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సరదాకి తీసిన ఫోటో అయినా హక్కు తీసినవాడిదే. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తీసినవాడు బతికున్నంతకాలం, పోయాక మరో 60 ఏళ్లు చెల్లుతుంది. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫోటోల్లాంటివైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఇచ్చినవాళ్లవి. డబ్బిచ్చినవాడికి హక్కుంటే ఇవ్వనివాడు మాత్రం ఏం పాపం చేశాడని మనవాళ్లు దాన్ని కాస్త సవరించుకున్నారు.

పత్రికలవాళ్లు, టీవీలవాళ్లు ఇంకాస్త చదువుకున్నవాళ్లు. పేరు వేస్తారు. "ఫోటో: సోషల్ మీడియా." ఈ సోషల్ మీడియాగారు మహా కష్టజీవి. తెల్లారుజామున హేవ్‌లాక్ వంతెన పక్కన ఆయనే, అంతర్వేది తీర్థంలో రథం ముందు ఆయనే, వరదొస్తే లంకల్లో మోకాల్లోతు నీళ్లలోనూ ఆయనే. ఇంత పనిచేసి ఇంతవరకూ ఒక్క చెక్కు పుచ్చుకోలేదు.

పోనీ విదేశీ సైట్లకి అమ్ముకుందామా? షట్టర్‌స్టాక్ 2020 జూన్‌లో రేట్లు మార్చి, డౌన్‌లోడ్‌కి కనీసం 10 సెంట్లంది. దాంతో రాజమండ్రిలో టీ తాగాలంటే జేబులోంచి ఇంకాస్త వేసుకోవాలి. అమెరికాలో కేరల్ హైస్మిత్ అనే ఫోటోగ్రాఫర్ తన ఫోటోలు వేలకొద్దీ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చి, అందరూ వాడుకోండమ్మా అంది. తీరా ఆవిడ ఫోటో ఆవిడ సంస్థ సైట్లో ఉన్నందుకు 120 డాలర్లు కట్టమని ఫోటోలమ్మే సంస్థ తరఫున ఆవిడకే ఉత్తరం వచ్చింది. 2016లో కోర్టుకెక్కితే కాపీరైట్ వాదన నిలవలేదు. మా నాయకులు ఎంత నయం! ఫోటో తీసుకుంటారే గానీ బిల్లు పంపరు.

ఇక మన హాబీ మహారాజు. లెన్సు కోసం ఇంట్లో నెలల తరబడి యుద్ధం చేసినవాడు, ఫ్లెక్సీ మీద తన ఫోటో చూసి నోటీసిస్తాడనుకున్నారా? దాని ముందు నిలబడి సెల్ఫీ దిగి, "థాంక్స్ అన్నా" అని నాయకుడిని ట్యాగ్ చేస్తాడు. అసలు ఫోటోకి రానన్ని లైకులు దానికొస్తాయి.

2027లో గోదావరి పుష్కరాలు. ఫ్లెక్సీ షాపులవాళ్లకి అప్పుడు ఊపిరి సలపదు. ఘాట్లు, హారతి, ఆర్చి వంతెన మీద రైలు, ఏవున్నా ముందే వాట్సాప్ చేసేయండి. ఫోటోగా పంపితే క్వాలిటీ పోతుందట, డాక్యుమెంట్‌గా పంపమంటున్నారు.