భద్రతకు ఆదివారం సెలవు

జీతం కోయకుండా సెలవిచ్చే పద్ధతిని 1920లోనే అమల్లో పెట్టిన ఊరు మాది. ఎనిమిది గంటల పనిదినం అంతకంటే ముందు, 1912లోనే వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టాలు పుట్టకముందే జంషెడ్‌పూర్ కార్మికుడికి పని ఎప్పుడు ఆపాలో తెలిసిపోయింది. ఆపిన తర్వాత ప్రాణంతో ఎలా ఉండాలో మాత్రం ఈ నూరేళ్లలో ఎవరూ నేర్పినట్టు లేదు. వారమంతా బ్లాస్ట్ ఫర్నేస్ పక్కన పనిచేసి గోటికి గాయం కాకుండా ఇంటికొచ్చే మనిషి, ఆదివారం నాడు నలుగురు పట్టే పడవలోకి ఏడుగురిని ఎక్కించి, నడినీళ్లలో లేచి నిలబడి ఫొటో దిగుతున్నాడు.

కదమాలోనో, సోనారిలోనో, టెల్కో కాలనీలోనో మన తెలుగిళ్ల వరసలో తప్పకుండా ఒక సేఫ్టీ మావయ్య ఉంటాడు. తాతల నాటి శ్రీకాకుళం యాస, కర్మాగారం నేర్పిన ఇంగ్లీషు, బజారు నేర్పిన హిందీ కలిపి మాట్లాడతాడు. షిఫ్టు మొదలయ్యే ముందు టూల్‌బాక్స్ టాక్ లేనిదే స్పానర్ ముట్టుకోనివ్వడు. వర్క్ పర్మిట్ మీద సంతకం లేకపోతే సాక్షాత్తూ జనరల్ మేనేజర్ వచ్చినా నిచ్చెన ఎక్కనివ్వడు. హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించలేదని కుర్ర ఇంజనీర్‌కి మెమో ఇచ్చిన చరిత్ర ఆయనది. ఇంట్లో ఫ్యూజు మార్చాలన్నా మెయిన్ ఆపి, దాని మీద "మనిషి పనిలో ఉన్నాడు" అని అట్టముక్క వేలాడదీస్తాడు.

ఇప్పుడు ఇదే మావయ్యను జనవరి పిక్నిక్‌లో చూడండి. ఊరికి నీళ్ల కోసం టాటావారు కట్టించిన డిమ్నా జలాశయం గట్టు. వెనక దల్మా కొండలు. దుప్పటి మీద పులిహోర, పక్కన కోడికూర, నలుగురు పిల్లలు, ఇద్దరు తోడల్లుళ్లు. పడవ దగ్గరికి నడిచి ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఇందులో ఎంతమంది ఎక్కొచ్చు?" అని కాదు. "ఎంతకు తిప్పుతావు?" అని. పడవవాడు నాలుగు వందలంటాడు. మావయ్య మూడు వందలంటాడు. మూడు వందల యాభై దగ్గర సంధి కుదురుతుంది. అప్పుడు మావయ్యలోని అకౌంటెంట్ మేల్కొంటాడు. నలుగురితో వెళితే తలకు ఇంతపడుతుంది, ఏడుగురితో వెళితే అందులో సగానికి కాస్త ఎక్కువ, అంతే. దాదాపు సగం ధరకు ఊరేగే అవకాశాన్ని వదులుకునే తెలుగు కుటుంబం ఇంకా పుట్టలేదు.

"ఏటండీ, ఇంతమందిమి ఎక్కుతామా?" అని అత్తయ్య ఒక్కతే గొణుగుతుంది.

"ఏటవుద్దే? అదిగో ఒడ్డు కనబడతంది కదా!"

"కుఛ్ నహీ హోగా, మాతాజీ," అని పడవవాడు తాళం వేస్తాడు.

మన నీళ్ల మీద అత్యధికంగా చెల్లుబాటయ్యే బీమా పాలసీ ఈ "కుఛ్ నహీ హోగా". ప్రీమియం లేదు, పత్రం లేదు, చివరికి పరిహారమూ లేదు.

ఒడ్డు కనబడటం భద్రతా పరికరం ఎప్పుడైందో నాకు అర్థం కాదు. ఈత రానివాడికి ఒడ్డు యాభై గజాల్లో ఉన్నా, యాభై మైళ్లలో ఉన్నా ఒకటే. ఈత వచ్చినవాడికైనా ఒంటి మీద జీన్సు, కాళ్లకు బూట్లు, మెడకు అమాంతం వాటేసుకున్న తోడల్లుడు ఉన్నప్పుడు యాభై గజాలు చాలా దూరం. మనవాళ్లు పడవెక్కే మరో చోటు చాండిల్ జలాశయం. అదెంత పెద్దదో తెలియాలంటే ఒక్క సంగతి చాలు: 2024 ఆగస్టులో సోనారి విమానాశ్రయం నుంచి లేచిన చిన్న శిక్షణ విమానం ఆ నీళ్లలో పడితే, దాన్ని వెతికి తీయడానికి విశాఖపట్నం నుంచి నౌకాదళం రావలసి వచ్చింది. విమానం దాగిపోయే నీళ్లలో మావయ్య బేరం తేలుతుందా?

ఇక లైఫ్ జాకెట్. దాని మీద మన కుటుంబాలకున్న అభ్యంతరాలు అన్నీ ఇన్నీ కావు. వాసన వేస్తుంది. పట్టుచీర నలుగుతుంది. ఫొటోలో లావుగా కనబడతాం. అందుకని దాన్ని వేసుకోరు, వేసుకుని కూర్చుంటారు, అంటే కింద వేసుకుని. అలా ఏళ్ల తరబడి కూర్చున్న బరువుకు లోపలి ఫోమ్ నలిగి, తేల్చే గుణం పోగొట్టుకుని, చివరికి అది నిజంగానే దిండు అవుతుంది. వేసుకున్న మహానుభావులు కూడా బకిల్ పెట్టరు. నీళ్లలో పడగానే అలాంటి జాకెట్ చెవుల మీదుగా లేచి పైకి పోతుంది, మనిషి కిందికి పోతాడు. పెద్దవాళ్ల జాకెట్ ఆరేళ్ల పిల్లకు తొడిగితే జరిగేదీ అదే. తొడిగాక చేతులు పైకెత్తమని, భుజాల దగ్గర పట్టుకుని జాకెట్‌ను పైకి లాగి చూడండి. గడ్డం దాటి లేచిందంటే ఆ కొలత పనికిరాదు. పడవ తిరగబడ్డాక తొడుక్కోవచ్చులే అనుకునేవారు, ఒకసారి ఇంట్లో మంచం మీద కదులుతూ దొర్లుతూ బకిల్ పెట్టి చూసుకోవాలి.

హెల్మెట్ పట్టీకి మెమో ఇచ్చిన మావయ్య దీన్ని ఎందుకు పట్టించుకోడు? ఇక్కడ గేటు లేదు కాబట్టి. గేట్ పాస్ లాక్కునేవాడు లేడు, ఇంక్రిమెంట్ ఆపేవాడు లేడు. ఇన్నేళ్లూ ఆయన కాపాడుకుంటూ వచ్చింది ప్రాణం అనుకున్నాం. తీరా చూస్తే సర్వీస్ రికార్డు.

క్యాలెండర్ తీసి చూడండి. 2017 నవంబర్ 12న కృష్ణానదిలో, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి 22 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది కార్తీక మాసపు విహారానికని ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆదివారం. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతుంటే, పాపికొండలు చూడటానికి 77 మందితో వెళ్లిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. బతికి బయటపడింది 26 మంది. వెలికితీతకు దిగిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును పైకి తెచ్చేసరికి అక్టోబర్ 22 అయింది. మునిగింది ఆదివారం. 2022 జులై 17న మన జార్ఖండ్‌లోనే, కోడర్మా జిల్లా పంచ్‌ఖేరో డ్యాములో సరదాగా పడవెక్కిన ఒకే కుటుంబంలో ఎనిమిది మంది మునిగిపోయారు. ఆదివారం. 2023 మే 7న కేరళలోని తానూరులో చేపల పడవను విహార పడవగా మార్చి, పట్టేవారికంటే ఎక్కువమందిని ఎక్కించి, చీకటి పడ్డాక తిప్పితే 22 మంది పోయారు. అదీ ఆదివారమే. 2024 జనవరి 18న వడోదరలోని హర్ణి సరస్సులో 12 మంది బడిపిల్లలు, ఇద్దరు టీచర్లు పోయిన రోజు గురువారం. అయితేనేం, పిక్నిక్ కదా. పెద్దవాళ్లు ఆ పిల్లల గురువారాన్ని కూడా ఆదివారం చేసేశారు.

ఆదివారం మీద సూర్యభగవానుడికి కక్షేమీ లేదు. ఆ రోజు మన బుర్రకు వీక్లీ ఆఫ్, అంతే. ప్రమాదం కొలిమి దగ్గరే కాపురం ఉంటుందని నమ్మే హక్కు ఏ ఊరికైనా ఉండవచ్చు గాని జంషెడ్‌పూర్‌కు లేదు. 1989 మార్చి 3న, టాటావారి వ్యవస్థాపకుల దినోత్సవ సంబరంలో మంటలు లేచి పదుల మంది ఆహుతైన ఊరిది. ఆ మంట లేచింది పని దగ్గర కాదు, వేడుక దగ్గర.

పడవవాడిని తిట్టడం తేలిక. అతను ఈదగలడు, మనం ఈదలేం, కాబట్టి మన ప్రాణానికి అతనే పూచీ అనుకుంటాం. కానీ "నలుగురికి మించి ఎక్కించను సార్" అని నిజాయితీగా చెప్పిన పడవవాడికి మనం ఇచ్చే బహుమానం ఏమిటి? "వీడికి పొగరు" అని పక్క పడవెక్కడం. నాలుగు ఆదివారాలు అలా బేరం పోగొట్టుకున్నాక ఐదో ఆదివారం అతనూ "కుఛ్ నహీ హోగా" నేర్చుకుంటాడు. నేర్పిన గురువులం మనమే.

సర్కారువారి ఆచారం వేరు. పడవ మునిగాకే అది వాళ్ల కంటికి తేలుతుంది. మొదట సంతాపం, తర్వాత నష్టపరిహారం, ఆపైన విచారణ సంఘం, ఆ వెంటనే అన్ని పడవలకూ నిషేధం. నిషేధం మరుపు వచ్చేదాకా ఉంటుంది, నివేదిక మరుపు వచ్చాక వస్తుంది. చట్టం లేదా అంటే లేకేం? 1917 నాటిదాన్ని తీసేసి 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం తెచ్చారు. యంత్రం లేని పడవలను సైతం స్థానిక సంస్థల దగ్గర నమోదు చేయించే ఏర్పాటు అందులో ఉంది. ఆ స్థానిక సంస్థ ఎక్కడుందో కనుక్కోవడమే మా దగ్గర అసలు జలవిహారం. ఊళ్లో నోటిఫైడ్ ఏరియా కమిటీ. దానికి తోడు సౌకర్యాలు చూసే కంపెనీ. సువర్ణరేఖ నది దాటి మాంగోలో కాలుపెడితే కార్పొరేషన్ వస్తుంది. చాండిల్ దాకా వెళితే జిల్లాయే మారుతుంది. నీటికి సరిహద్దులు లేవు గాని ఫైలుకు ఉన్నాయి.

ఇవేవీ కాలబైసాఖికి తెలియవు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఉక్కపోసి, ఈ ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీదే మబ్బు కమ్మి, చూస్తుండగానే ఈదురుగాలి విరుచుకుపడుతుంది. అద్దంలా ఉన్న నీళ్లు అలలెత్తుతాయి. ఆకాశం నల్లబడగానే మనవాళ్లు ముందు పులిహోర గిన్నె మీద మూత పెడతారు. పిల్లలున్న పడవను వెనక్కి పిలవడం గుర్తొచ్చేసరికి ఆ పిలుపు గాలికి పోతుంది.

కాబట్టి మావయ్యా, నీకు తెలిసిన భాషలోనే చెబుతాను. పడవెక్కడానికీ వర్క్ పర్మిట్ కావాలి. పట్టే మనుషుల సంఖ్య పడవ మీద రాసి ఉందా? ప్రతి ఒంటికీ, పిల్లల ఒంటికి కూడా, సరిపడే జాకెట్ ఉందా, బకిళ్లు పడుతున్నాయా? ఒడ్డున రక్షణ పడవా, విసరడానికి తాడూ ట్యూబూ ఉన్నాయా? మబ్బు ఎటు ఉంది? పడవవాడు తాగి ఉన్నాడా, నువ్వు తాగి ఉన్నావా? ఒక్కదానికి జవాబు తేడా వచ్చినా పర్మిట్ రద్దు. ఎక్కాక టూల్‌బాక్స్ టాక్ రెండే వాక్యాలు: ఎవరూ నిలబడకూడదు, ఫొటో కోసం అందరూ ఒక్క వైపుకు ఒరగకూడదు. నిలబడితే బరువు పైకి చేరి పడవ ఊగుతుంది, ఒరిగితే తిరగబడుతుంది. తిరగబడితే ఒడ్డుకు ఈదబోవద్దు, పడవనే పట్టుకుని వేలాడండి. బోర్లాపడ్డ పడవ చాలాసార్లు తేలుతూనే ఉంటుంది, వెతికేవాళ్ల కంటికి తలకాయ కంటే ముందు అదే ఆనుతుంది. గట్టున ఉన్న బావమరిది వీరావేశంతో దూకకూడదు. తాడు విసరాలి, 112కు ఫోన్ చేయాలి. ఒకరికి వచ్చిన ఆపదను ఇద్దరికి పంచడం సాహసం కాదు.

బేరం ఆడొద్దని మాత్రం చెప్పను, అది మన రక్తంలో ఉంది. ఆడండి, గట్టిగానే ఆడండి. కాకపోతే యాభై రూపాయలు తగ్గించమని కాదు, ముగ్గురు మనుషులను తగ్గించమని ఆడండి. వాళ్లను రెండో ట్రిప్పులో తిప్పి, ఆ ట్రిప్పుకూ డబ్బులిచ్చేయండి.