పౌరసరఫరాల శాఖామాత్యులకు రావివలస నుండి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రాష్ట్ర పౌరసరఫరాల శాఖామాత్యుల సముఖమునకు, టెక్కలి మండలము రావివలసలో ఒక కిరాణాకొట్టు ఖాతాదారుడు చేయు విన్నపము.

2011లో కేంద్ర ప్రభుత్వము చిల్లర వర్తకమున 51 శాతము విదేశీ పెట్టుబడికి తలయూపి, మూడేండ్లలో కోటి కొలువులు వచ్చునని సెలవిచ్చినను, ఆ వరము పదిలక్షల జనాభా గల నగరములకే పరిమితమగుటచే, కార్తిక సోమవారమున మా ఊరి ఎండల మల్లన్న దర్శనమునకు వచ్చు భక్తులనందఱిని కలుపుకొన్నను మా గ్రామమునకు అర్హత చాలకపోయెను. తరువాత 2017 డిసెంబరులో రేషను దుకాణములనే చంద్రన్న విలేజ్ మాల్స్‌గా మార్చి, రిలయన్స్, ఫ్యూచర్ గ్రూపుల సరుకును చౌకగా పల్లెలకు చేర్చెదమని నాటి రాష్ట్ర ప్రభుత్వము ప్రకటింపగా, పప్పు ఉప్పుల వెంట ఉద్యోగములును దిగునని ఆశపడితిమి.

కొలువులకు మేము విముఖులము కాము. మా పడుచువారు చెన్నపట్టణమునకు, ముంబయికి, గల్ఫునకు వలసపోవుచుండగా, ఉన్న ఊరనే యూనిఫారము తొడిగి బిల్లు యంత్రము ముందు నిలుచు భాగ్యము ఎవరికి చేదు? అయితే ఏలినవారి గణకులు క్రొత్తగా కూర్చుండువారిని లెక్కించునప్పుడు, లేచిపోవువారిని సైతము ఆ పుటలోనే వ్రాయవలెనని నా ప్రార్థన. మా వీథి కొట్టులో భర్త తూచును, భార్య పొట్లము కట్టును, బడి విడిచిన పిదప కొడుకు సరుకు ఇండ్లకు చేర్చును. నియామకపత్రము లేనందున వీరి పని ఉద్యోగము కాదు, రేపు అది పోయినను నిరుద్యోగమనిపించుకొనదు.

మఱి అరువు మాట? పలాస కార్ఖానాలలో జీడిపిక్కలతో వ్రేళ్లు నల్లబడిన ఆడవారు, కూలి చేతికందువఱకు, పావుకిలో కందిపప్పు ఎక్కడ తెచ్చుకొనవలెను? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దాన ప్రాంతపు కొబ్బరిని, జీడితోటలను కూల్చి, ఊళ్లను చీకటిలో ముంచినట్టి దినములలో కార్డు గీయు యంత్రము మూగబోవును. ఖాతా పుస్తకమునకు కరెంటు అక్కఱలేదు. (మా పల్లెలకు సరుకు పంపదలచిన ఫ్యూచర్ వారి చిల్లర సంస్థయే 2022లో దివాలా విచారణకెక్కినది, వారికి అరువిచ్చినవారు మాకంటె పెద్దవారు.)

కావున ఇకమీదట మా ప్రాంతమునకు సూపరుమార్కెట్టు మంజూరు చేయదలచినచో, పలాస జీడిపప్పును పలాసలోనే కొనుటకు, బిల్లు యంత్రము ప్రక్కనే ఒక అరువు పుస్తకము నుంచుటకు ఉత్తరువులిప్పింపగోరెదను. మొదటి రెండు కొలువులు ఆ కొట్టు దంపతులకే దయచేయుడు. వారికి డిగ్రీలు లేవు. దరఖాస్తులో అనుభవమను గడిని మాత్రము కొంచెము వెడల్పుగా అచ్చువేయింపుడు.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
గత నెల బాకీ ఇంకను తీర్పని ఖాతాదారుడు